ఏసీ గీసీ పెట్టిన కారు

గవ్వలపూడిలో వివేకం వారి ఇల్లెక్కడని అడిగితే పాలు మరవని పిల్లలు కూడా చెప్తారు. చెప్పి నవ్వుతారు. తమ తెలివి తలుచుకుంటేనే ఊళ్ళోవాళ్ళకి అంత సంతోషం కలుగుతుంది కాబోలని ఆ ఇంటి పెద్ద సోమలింగం మురిసిపోయేవాడు.

"ఇంటిపేరు ఊరికే రాదురా. ఊళ్ళో జనానికి బారెడు పొద్దెక్కాక గాని తెలివి రాదు. మనకో? కోడి కూయకముందే తెలివొచ్చేస్తుంది. అదీ తేడా" అనేవాడు వీధరుగు మీద కూర్చుని.

"నిజమే బావా. నాకైతే మధ్యాహ్నం కునుకు తీశాక ఇంకోసారి కూడా వస్తుంది" అనేవాడు బావమరిది చిట్టెయ్య.

ఆ ఇంట్లో ఉండేది నలుగురు. సోమలింగం, అతని భార్య మంగతాయారు, ఆవిడ తమ్ముడు చిట్టెయ్య, సోమలింగం తమ్ముడు కామలింగం. ఊళ్ళో ఎవరు ఏ పని తలపెట్టినా ముందు వీళ్ళ సలహా అడిగేవారు. అడిగి, సరిగ్గా దానికి ఎదురు చేసేవారు. పనులు చక్కగా అయ్యేవి. సలహా అడిగిన సంగతి మాత్రమే సోమలింగానికి తెలుసు. మిగతాది ఎవరూ చెప్పలేదు పాపం.

ఇంత తెలివి పోగుపడ్డ ఇంట్లో ఒక్కటే లోటు. కామలింగానికి పెళ్ళి కాలేదు. మనిషి చూడ్డానికి బాగుంటాడు. ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తాడు. ప్రాణం పోయినా అబద్ధం ఆడడు. కానీ మొదటి పెళ్ళిచూపుల్లో "మొహమాటపడకండి బాబూ, మీ ఇల్లే అనుకోండి" అన్నారు. అంతే, లోపలికెళ్ళి చాప పరుచుకుని పడుకున్నాడు. ఇంకోచోట "పిల్లని బాగా చూసుకోండి" అన్నారు. ఇంకేముంది, రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళకి ఆ పిల్లే భయపడి పెరటిదారిన పారిపోయింది.

తల్లి పోతూ పోతూ సోమలింగం చెయ్యి పట్టుకుని, "తమ్ముణ్ణి ఒక ఇంటివాణ్ణి చెయ్యరా" అంది. అంతే, సోమలింగం మర్నాడే వెళ్ళి ఇల్లంతా తమ్ముడి పేర రాసిచ్చేశాడు. అమ్మ కోరిక తీర్చానని హాయిగా ఉన్నాడు. ఇంటివాణ్ణి చెయ్యడమంటే పెళ్ళి చెయ్యడమని చాలా ఏళ్ళకి ఎవరో చెప్పారు. అప్పటికి కామలింగం చెవుల దగ్గర జుట్టు నెరిసింది. తమ్ముడు తన పేరనున్న ఇంట్లో ఒంటరిగా తిరుగుతుంటే సోమలింగానికి గుండెల్లో కలుక్కుమనేది.

అలాంటప్పుడు ఏటిమొగ నుంచి సంబంధం వచ్చింది. కన్నబాబుగారని పెద్దమనిషి. ఆయన కూతురు శేషారత్నం. వచ్చిన ప్రతి సంబంధాన్నీ తిప్పికొట్టిన పిల్ల. "వాళ్ళు అనేదొకటి, చేసేదొకటి నాన్నా" అనేది. ఆ ఇంట్లో నాయనమ్మగారు ఒకావిడ ఉంది. ఆవిడ చిన్నతనంలో సోమలింగం తాతగారు నల్లటి పొడుగాటి కారులో ఏటిమొగ మీదుగా వెళ్ళేవారట. ఆ కారు వెనక ధూళిలో పరిగెత్తిన పిల్లల్లో ఆవిడా ఉంది. ఎక్కనిచ్చినవాడు లేడు.

కన్నబాబుగారు వచ్చి అరుగు మీద కూర్చుని, మొహం అదోలా పెట్టి చెప్పారు.

"మా అమ్మ పంతం పట్టింది బాబూ. పెళ్ళికొడుకు ఆ పాతకారులో వచ్చి దిగాలిట. కారు బాగుచేయించండి. ఇప్పటి కాలానికి తగ్గట్టు ఏసీ గీసీ పెట్టించండి. ముహూర్తానికి ఆ కారు మా ఇంటి ముందు ఉంటే సరే. లేకపోతే ఈ సంబంధం లేనట్టే. మీ ఇంటి గురించి నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. అయినా అమ్మ మాట కాదనలేక వచ్చాను."

"విన్నావా? ఒక్కో మనిషీ ఒక్కో రకంగా పొగిడాడట" అన్నాడు సోమలింగం భార్యతో, ఆయన వెళ్ళగానే.

కారు గొడ్ల సావిట్లో ఉంది. ముందు సీటులో కోడిపెట్ట గుడ్లు పొదుగుతోంది. వెనక సీటులో ఎండుగడ్డి. పక్కూరి నుంచి సుభానీ అనే మెకానిక్కుని పిలిపించారు. అతను కోడిపెట్టని బతిమాలి దింపి, కారు కింద దూరి, పైకి లేచి, చేతులు తుడుచుకున్నాడు.

"బండి గట్టిదేనండి. బాగుపడుద్ది. బ్యాటరీ పడుకుంది. టైర్లకి గాలి పట్టించాలి. ఇంజన్లో నూనె మడ్డయిపోయింది, తీసేసి మంచి నూనె పొయ్యాలి. నేను టౌనుకెళ్ళి సామాన్లు తెస్తాను."

అంతే. సుభానీ అటు వెళ్ళాడో లేదో, సోమలింగం పెదవి మీద వేలేసుకున్నాడు.

"ఉష్! బ్యాటరీ పడుకుందిట. చప్పుడు చెయ్యకండి."

నలుగురూ మునివేళ్ళ మీద నడిచారు. గేదె మెళ్ళో గంట విప్పేశారు. సాయంత్రమైంది. బ్యాటరీ లేవలేదు. మంగతాయారుకి కోపం వచ్చింది. "అసురసంధ్య వేళ పడకేమిటి, ఇంటికి అరిష్టం! లేపండి" అంది. కామలింగం చేతులు కట్టుకుని మేలుకొలుపు పాడాడు. లేవలేదు. మొహాన నీళ్ళు కొట్టారు. లేవలేదు.

"కాఫీ చుక్క పడందే నాకూ లేవబుద్ధి కాదక్కా" అన్నాడు చిట్టెయ్య.

ఇంకేముంది, మంగతాయారు చిక్కటి కాఫీ కాచి, చల్లార్చి, బ్యాటరీకి పైన ఎన్ని కన్నాలున్నాయో అన్నిట్లోనూ తలా గుక్కెడు పోసింది. బ్యాటరీ బుసబుసమని పొంగి ఊరుకుంది.

"లేచింది, ఆవులించి మళ్ళీ పడుకుంది" అన్నాడు కామలింగం.

"పోనీ పడుకోనీ, ముసలి ప్రాణం" అని సోమలింగం టైర్ల పనిలో పడ్డాడు. గాలి బాగా పట్టేది ఎక్కడ? డాబా మీద. టైర్లన్నీ ఊడదీసి డాబా ఎక్కించి, పిట్టగోడ మీద వరసగా నిలబెట్టారు. గాలి రాకపోతే మంగతాయారు తాటాకు విసనకర్ర పెట్టి విసిరింది. అప్పుడే ఏటి వైపు నుంచి ఒక్క విసురు వచ్చింది. అంతే, ఒక టైరు పిట్టగోడ దిగి, పక్కింటి పెంకుల మీద గంతేసి, పెరట్లో నెమరేస్తున్న గేదె మెళ్ళో దండలా పడింది. గేదె కట్టుతాడు తెంపుకుని, టైరుతో సహా వీధిలో పడి పరిగెత్తింది. కూరగాయల బండి బోల్తా కొట్టింది. జనం అరుగులెక్కారు.

"అయ్యో, గేదెకి గాలి పట్టిందర్రోయ్! భూతవైద్యుణ్ణి పిలవండి!" అని పక్కింటామె గుండెలు బాదుకుంది.

సోమలింగం డాబా మీంచి చప్పట్లు కొట్టాడు. "పట్టింది! గాలి పట్టింది! టైరుకి పట్టాల్సింది గేదెకి పట్టినా పరవాలేదు. టైరు దాని మెళ్ళోనే ఉందిగా, అంటుకుంటుంది!"

ఇక నూనె. మంచి నూనె పొయ్యమన్నాడు సుభానీ. మంచినూనె అంటే నువ్వులనూనె. ఇది కూడా తెలియనివాళ్ళా వివేకం వారు? ఆవకాయకని దాచిన జాడీడు మంచినూనె తెచ్చి ఇంజన్లో పోసేశారు. తీసిన పాత నూనె నల్లగా, చిక్కగా ఉంది. పారేయడానికి మంగతాయారుకి చేతులు రాలేదు. "కారు ఇన్నేళ్ళూ కాచిన నూనె. తలకి చలవ చేస్తుంది" అని మరిది తలకి పట్టించింది. కామలింగం జుట్టు అప్పటికప్పుడు కాకిరెక్కలా నల్లబడింది. దానికి మాత్రం ఎవరూ వంక పెట్టలేకపోయారు.

సుభానీ సామాన్లతో తిరిగొచ్చాడు. కాఫీ డికాక్షన్ కారుతున్న బ్యాటరీని చూశాడు. డాబా మీద టైర్లని చూశాడు. ఇంజన్ మూత తీసి వాసన చూశాడు. రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

బాగుచెయ్యడంలో ఇది తరవాతి పని కాబోలనుకుని నలుగురూ తలలు పట్టుకున్నారు.

"ఎంతసేపు పట్టుకోవాలి సుభానీ?" అన్నాడు చిట్టెయ్య కాసేపటికి, మోచేతులు నొప్పెట్టి.

"నా వల్ల కాదండి. ఇక దీనికి దేవుడే దిక్కు!"

"ముందే చెప్పకపోయావా!" అని సోమలింగం పంచె ఎగ్గట్టాడు. నలుగురూ కలిసి, చక్రాల్లేని కారుని గునపాలతో జరిపి జరిపి, ముక్కు దేవుడి గది దిక్కుకి వచ్చేలా తిప్పారు. సుభానీ అదంతా చూసి, సంచి భుజానేసుకుని గుమ్మం దాటబోయాడు. దాటేవాడే. కానీ కామలింగం తన కొత్త తువ్వాలుతో కారు అద్దం తుడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"సుభానీ, నాకు పెళ్ళవుతుందంటావా?"

సుభానీ గుమ్మంలో ఆగిపోయాడు. సంచి మళ్ళీ కింద పెట్టాడు. "అవుద్ది బాబూ. కాకపోతే ఒక్క షరతు. నేను చెప్పేదాకా మీరెవరూ ఇందులో వేలు పెట్టకూడదు."

అందరూ ఒట్టేశారు. సుభానీ రోజులకి రోజులు ఆ సావిట్లోనే పడున్నాడు. నూనె మార్చాడు, కొత్త బ్యాటరీ పెట్టాడు, టైర్లు బిగించాడు. ఒకరోజు పొద్దున్న ఇంజన్ దగ్గి, తుమ్మి, గుర్రుమని లేచింది. పొగగొట్టంలోంచి కమ్మగా జంతికల వాసన వచ్చింది. మంచినూనె మహిమ ఎంత కడిగినా పోలేదు. సుభానీకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఒక్క నిమిషం, మొహం కడుక్కొస్తాను" అని బావి దగ్గరికెళ్ళాడు.

అంతే. ధడేలుమని చప్పుడు. సావిడి గోడ లేదు. కారు ముందు సగం వీధిలో ఉంది. లోపల చిట్టెయ్య పిడికిళ్ళు రెండూ బిగించి కూర్చున్నాడు.

"వేలు పెట్టొద్దన్నానా!" సుభానీ అరిచాడు.

"ఒట్టు! పది వేళ్ళూ ఇదుగో ముడుచుకునే ఉన్నాను. కాలే పెట్టాను" అన్నాడు చిట్టెయ్య.

సోమలింగం కూలిన గోడని, కారుని మార్చి మార్చి చూశాడు. సావిడి గుమ్మం చిన్నది. కారుని బయటికెలా తియ్యాలని అతను వారం నుంచీ బుర్ర బద్దలుకొట్టుకుంటున్నాడు. "మా బావమరిది కాలు పెట్టిన వేళావిశేషం. దారి దానంతటదే వచ్చింది" అని పొంగిపోయాడు.

కారుకి నల్లరంగు వేయించారు. మొహం చూసుకోవచ్చు, అంత నిగనిగలాడింది. పెళ్ళి దగ్గరపడింది. సుభానీ కాస్త ధైర్యం తెచ్చుకుని మాటల్లో అన్నాడు. "ఇప్పటి కార్లకి తాళంచెవి ఉండదండి. బొత్తాం నొక్కితే చాలు. పెళ్ళయ్యాక దీనికీ అలాగే చేద్దాం."

పెళ్ళయ్యాక దేనికి, చేసేదేదో ముందే చేస్తే మగపెళ్ళివారి పరువు నిలబడదూ? సోమలింగం తాళంచెవిని నూతిలో పడేశాడు. మంగతాయారు మొగుడి కొత్త లాల్చీ బొత్తాం ఒకటి తెంపి, స్టీరింగు పక్కన సీటు గుడ్డకి దిట్టంగా కుట్టింది. ఊడకుండా నాలుగు కుట్లు ఎక్కువే వేసింది. ఎర్రదారం.

"మరి ఏసీ గీసీ?" అన్నాడు కామలింగం. "మావయ్యగారు అడిగింది అదే కదన్నయ్యా?"

అందరూ ఆలోచించారు. మంగతాయారుకే ముందు వెలిగింది.

"ఇంతేనా? రంగు ఏసి, గీసి పెట్టమన్నారు. ఏశాం. గియ్యలేదు."

ఇంకేముంది, తలా ఒక మేకు పట్టుకున్నారు. మంగతాయారు ముందు మూత మీద మెలికల ముగ్గు గీసింది. చిట్టెయ్య తలుపు మీద గేదెని గీశాడు, మెళ్ళో టైరుతో సహా. సోమలింగం ఇంకో తలుపు మీద తమ్ముడి పేరు పెద్దక్షరాలతో గీశాడు. పక్కన పెళ్ళికూతురి పేరు పట్టలేదు. 'శేషా' వరకు పట్టింది, మిగతాది చక్రం మీద పడింది. కామలింగం ఏమీ గియ్యలేదు. అన్నయ్య గీసిన ఆ సగం పేరు దగ్గరే నిలబడి చాలాసేపు వేలితో తడిమాడు.

పెళ్ళిరోజు పొద్దున్న సుభానీ వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఏమీ అనలేదు. అనడం మానేశాడు. తాళంచెవి ఏదన్నాడు, నూతిలో ఉందన్నారు. కింద దూరి రెండు తీగలు కలిపి ఇంజన్ లేపాడు.

"చూడండి బాబూ. ఇది ఆగిందంటే ఇక లేవదు. ఏటిమొగ చేరేదాకా ఎక్కడా ఆపకండి. మీకో దండం" అన్నాడు.

నలుగురూ తిరిగి దండం పెట్టారు. సుభానీ ఇంటికెళ్ళి తలుపేసుకుని పడుకున్నాడు.

మంగతాయారు పెళ్ళిసామానుతో ఆటోలో ముందే వెళ్ళింది. చిట్టెయ్య కారు నడిపాడు. ట్రాక్టరు నడిపిన చెయ్యి, బాగానే నడిపాడు. పక్కన సోమలింగం, వెనక పట్టుపంచెలో, బాసికంతో కామలింగం. కారులో కూర్చున్నాక బెల్టు పెట్టుకోవాలని ఎవరో చెప్పారు గనక పట్టుపంచె మీద అన్నగారి తోలు బెల్టు.

ఏటిమొగ వచ్చింది. కన్నబాబుగారింటి ముందు పందిరి, బాజాలు, చుట్టాలు. "పెళ్ళికారు! పెళ్ళికారు!" అని పిల్లలు కేకలేశారు. పందిట్లో కుర్చీలో కూర్చున్న నాయనమ్మగారు చేతికర్ర పట్టుకుని లేచి నిలబడింది.

కారు ఆగలేదు. పందిరి చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది. ఇంకోటి తిరిగింది. బాజావాళ్ళు అది ఆనవాయితీ అనుకుని జోరు పెంచారు. ఊరంతా జంతికల వాసన. భోజనాలకింకా చాలా పొద్దుందే, అప్పుడే పిండివంటలేమిటని చుట్టాలు ముక్కులెగబీల్చారు.

"అన్నయ్యా, మావయ్యగారు రమ్మంటున్నారు" అన్నాడు కామలింగం, తిరిగిన ప్రతిసారీ మామగారికి నమస్కారం పెడుతూ.

"సుభానీ ఎక్కడా ఆపొద్దన్నాడు కదరా."

"ముహూర్తం దాటిపోతోందయ్యా!" కన్నబాబుగారు పందిట్లోంచి వెర్రికేక పెట్టారు.

"ఎటు పోతోందండీ?" అని చిట్టెయ్య తల బయటపెట్టి వెతికాడు.

కన్నబాబుగారు ఇక ఆగలేక రోడ్డుకడ్డంగా వచ్చి రెండు చేతులూ ఎత్తారు. "కారు నిలబెట్టండి! మీకు పుణ్యముంటుంది, నిలబెట్టండి!"

సోమలింగం ఇరకాటంలో పడ్డాడు. ఒకపక్క ఆపకూడదు. ఇంకోపక్క నిలబెట్టాలి. ఇటు చూస్తే కారుకి ప్రాణం పోసినవాడి మాట. అటు చూస్తే పిల్లనిచ్చేవాడి మాట. ఎవరి మాట కాదన్నా తమ్ముడి పెళ్ళి ఆగిపోతుంది. అమ్మ చెయ్యి పట్టుకుని చెప్పిన మాట గుర్తొచ్చింది. అప్పుడు అతనికి తెలివొచ్చింది. కునుకు తియ్యకుండానే వచ్చింది.

"చిట్టెయ్యా! మాటా నిలబెడదాం, కారూ నిలబెడదాం. ఆపకుండా నిలబెట్టు!"

పందిరి పక్కన ప్రహరీగోడకి ఆనించి, ఇల్లు కట్టుకునేవాళ్ళెవరో పోయించిన ఇసక గుట్ట ఉంది. చిట్టెయ్య కారుని నేరుగా దాని మీదికి పోనిచ్చాడు. అంతే. కారు గుట్టెక్కి, గోడకి ముందు చక్రాలు ఆనించి, నిట్టనిలువుగా లేచి, వెనక డిక్కీ మీద కూర్చుంది. ఇంజన్ ఆగలేదు. వెనక చక్రాలు గిర్రున తిరుగుతూ పెళ్ళివారందరి మీదా ఇసక అక్షింతల్లా చల్లాయి. లోపల కామలింగం ఆకాశంకేసి చూస్తూ, బెల్టు సర్దుకున్నాడు.

బాజాలు ఆగిపోయాయి.

"సరిపోయిందా మావయ్యగారూ, ఇంకాస్త నిటారుగా ఉండాలా?" అన్నాడు సోమలింగం పైనుంచి.

కన్నబాబుగారు నోట్లో ఇసక ఉమ్ముకున్నారు. నాయనమ్మగారు మాత్రం కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, నిలబడ్డ కారుని కింది నుంచి పై దాకా చూసి, కడుపు పట్టుకుని నవ్వింది. ఆవిడ అలా నవ్వగా ఆ ఇంట్లో ఎవరూ చూళ్ళేదు. "తాతగారి కారేరా. ఆ రోజుల్లోనూ ఇంతే, మా కోసం ఆగేది కాదు" అంది కళ్ళు తుడుచుకుంటూ.

బాజావాళ్ళు, వంటవాళ్ళు కలిసి కారుని కిందికి దించారు. ఇంజన్ అలాగే గుర్రుమంటోంది. చక్రాలకి రాళ్ళడ్డం పెట్టారు. కన్నబాబుగారు కూతుర్ని పక్కకి పిలిచి, అందరికీ వినబడేలాగే గొణిగారు.

"ఇప్పటికైనా మించిపోయింది లేదే అమ్మా. ఈ మనుషులతో ఎలా వేగుతావు?"

మంగతాయారు ఆ మాట విని నొచ్చుకుంది. "అదేం మాట బాబాయిగారూ! మా ఇంట్లో మనుషుల్ని వేయించం. ఉన్నదొక్కటే మూకుడు, అందులో అప్పడాలే కష్టంగా పడతాయి."

శేషారత్నం పెళ్ళిబొట్టుతో, తల వంచుకుని నవ్వాపుకుంటోంది. తల ఎత్తి నేరుగా పెళ్ళికొడుకునే అడిగింది.

"ఏమండీ, నేనేమన్నా చెప్తే వింటారా?"

"వినడమే కాదండీ, చెప్పింది చెప్పినట్టు చేస్తాను" అన్నాడు కామలింగం. జుట్టులోంచి నల్లటి నూనెచుక్క ఒకటి బాసికం మీదికి జారింది.

"అనేదొకటి చేసేదొకటి అయినవాళ్ళని చూసి చూసి విసిగిపోయాను నాన్నా. ఈయన అన్నదే చేస్తారు. ఇంకేం కావాలి? కాకపోతే మనం చూసుకుని అనాలి" అంది ఆ పిల్ల.

ముహూర్తం ఇంకా కాస్త మిగిలుంది. పంతులుగారు హడావుడిగా మంత్రాలు చదివి, "ఊఁ, మూడు ముళ్ళు!" అన్నారు. అంతే, చిట్టెయ్య పందిట్లోంచి పరిగెత్తి, రోడ్డవతల తుమ్మచెట్టు నుంచి మూడు ముళ్ళు విరిచి తెచ్చాడు. మంచివి, పొడుగాటివి. పంతులుగారు వాటిని కళ్ళకద్దుకుని అవతల పారేసి, కామలింగం చెయ్యి పట్టుకుని తానే ముడి వేయించారు. సోమలింగం వెనక్కి తిరిగి ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు. ఇసక పడిందన్నాడు.

భోజనాలయ్యాయి. కొత్తకోడలికి హారతివ్వాలని మంగతాయారు ఆటోలో ముందే ఇంటికి బయల్దేరింది. అప్పగింతల వేళ కన్నబాబుగారు వలవలా ఏడ్చారు. సోమలింగం రెండు చేతులూ పట్టుకున్నారు.

"మీ గురించి ఏదేదో అనుకున్నాను బాబూ. మనసులో పెట్టుకోకండి. అమ్మాయిని కారెక్కించి, జాగ్రత్తగా ఇంటి దగ్గర దింపండి."

"మీరు చెప్పాలా మావయ్యగారూ?" అన్నాడు సోమలింగం, తనకీ కళ్ళు చెమర్చి.

శేషారత్నాన్ని కారెక్కించారు. సోమలింగం తల తిప్పి చూశాడు. ఇల్లు పక్కనే ఉంది, పది అడుగులు కూడా లేదు. అంతే, తలుపు తీసి, చీర కుచ్చిళ్ళు తలుపులో పడకుండా ఎంతో జాగ్రత్తగా అమ్మాయిని అక్కడే దింపేశాడు. ఇదేదో మగపెళ్ళివారి ఆచారం కాబోలు, మళ్ళీ ఎక్కమంటారని ఆ పిల్ల నిలబడింది. చిట్టెయ్య రాళ్ళు తీసేశాడు. కారు వెళ్ళిపోయింది.

కామలింగం వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. పందిరి చిన్నదైంది, ఎర్రచీర చుక్కయింది, మలుపు తిరిగింది.

"అన్నయ్యా, ఆవిడ కూడా మనతో వస్తే బాగుండేది కదూ?"

సోమలింగానికీ మనసులో అలాగే ఉంది. కానీ పెద్దరికం. "మామగారి మాట మొదటిరోజే దాటతామట్రా? ఇంటి దగ్గర దింపమన్నారు, దింపాం. ఓర్చుకో."

కామలింగం ఓర్చుకున్నాడు.

గవ్వలపూడిలో కారు ఇంటి వాకిట్లోకి తిరిగింది. వాకిలి గుమ్మంకేసి కాస్త పల్లం. చిట్టెయ్య క్లచ్చీ, బ్రేకూ రెండు కాళ్ళతో తొక్కి పట్టాడు. ఇంజన్ గుర్రుమంటూనే ఉంది. గుమ్మంలో మంగతాయారు కర్పూరం వెలిగించి పళ్ళెం ఎత్తింది. సోమలింగం ఒక కాలు కిందికి దించబోతూ ఉండగా సెల్లు మోగింది. కన్నబాబుగారు. అవతల ఆయన అరుపులు, వెనక నాయనమ్మగారి నవ్వు.

"దింపమన్నది మీ ఇంటి దగ్గరయ్యా మహానుభావా! ఇక మీరేమీ చెయ్యొద్దు. అమ్మాయిని మేమే తీసుకొస్తున్నాం. మేం వచ్చేదాకా ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి. కదలకండి!"

"కదలొద్దన్నారు!" అన్నాడు సోమలింగం, పెదాలు కదపకుండా.

అంతే. సోమలింగం ఒక కాలు కారులో, ఒక కాలు గాల్లో, చెవి దగ్గర సెల్లుతో ఆగిపోయాడు. కామలింగం వెనక తలుపులోంచి దిగి, పంచె సర్దుకుంటూ వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. చిట్టెయ్య రెండు కాళ్ళూ తొక్కిపట్టి బిగుసుకున్నాడు. మంగతాయారు పళ్ళెం పట్టుకుని నిలబడింది. కర్పూరం ఆరిపోయింది. ఈగ వచ్చి ముక్కు మీద వాలింది. తోలలేదు. ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. పలకరిస్తే జవాబు లేదు. "పాపం, గేదెకి పట్టిన గాలి వీళ్ళకీ సోకింది" అని జాలిపడ్డారు. కోడిపెట్ట వచ్చి సోమలింగం భుజమెక్కి సర్దుకుని కూర్చుంది.

పొద్దు వాలుతుండగా ఆటో వచ్చి ఆగింది. శేషారత్నం దిగింది, వెనక నాన్నగారు, నాయనమ్మగారు. వాకిట్లో నిలబడ్డ నాలుగు బొమ్మల్ని ఆ పిల్ల ఒక్కొక్కటిగా చూసింది. వంగి ఉన్న మొగుడి చెవి మీంచి చెమట కారుతోంది. కళ్ళు మాత్రం ఆమెకేసి తిరిగి, తళుక్కుమన్నాయి. ఆమెకి నవ్వొచ్చింది, జాలేసింది. అత్తారింట్లో కొత్తకోడలు మొదటి మాట, ఎంతో ప్రేమగా అంది.

"ఇక చాలు. అందరూ కదలండి."

ఇంకేముంది, అందరూ కదిలారు. కామలింగం నిటారుగా లేచి ఆమె పక్కకి గెంతాడు. సోమలింగం కాలు కింద పెట్టాడు. చిట్టెయ్య తొక్కిపట్టిన కాళ్ళు రెండూ ఒక్కసారి ఎత్తేశాడు. కారు కూడా కదిలింది. వాకిలి దాటి, అరుగెక్కి, గుమ్మం పక్కలు రెండూ విరుచుకుని, చావడి మధ్యలోకి వెళ్ళి, మంచాన్ని ముద్దుపెట్టుకుని అప్పుడు ఆగింది. ఇంజన్ కూడా ఆగింది.

దుమ్ము సర్దుకుంది. అప్పటికే పక్కకి తప్పుకున్న మంగతాయారు, గబగబా కర్పూరం మళ్ళీ వెలిగించి, కారు చుట్టూ మూడుసార్లు తిప్పింది.

"దిష్టి తగలకుండా ఉండాలి. నేను కళ్ళారా చూశాను," అంది కొత్తకోడలితో గొప్పగా, "కుడి చక్రమే ముందు పెట్టింది!"